సింధూరి వంతు

మే 28, 2017

నా జిరాక్సు షాపులో ఒక వంద పేజీల రూళ్ల పుస్తకం అట్ట చిరిగి అమ్ముడుపోక మిగిలింది. ఇవాళ్టి నుంచి దాన్ని ఇలా వాడుతున్నాను. రోజూ రాసుకునేవాడు రోజూ తనను తాను సరిచేసుకుంటాడని, మూఢనమ్మకాల మీద పనిచేసే మా మండలి కరపత్రాల్లో ఒకదానిలో ఉంది. ఎవరు రాశారో గుర్తులేదు. బహుశా నేనే.

వాస్తవాలు. ఈ నెల 23న శ్రీకాకుళంలో నా భార్య సింధూరికి ఎనిమిదో నెలలోనే కాన్పు అయింది. బిడ్డకు ప్రాణం లేదు. ముందురోజు స్కానింగులోనే గుండె ఆగిపోయిందని చెప్పారు. ఎవరి తప్పూ లేదు అంది డాక్టరమ్మ. ఎవరి తప్పూ లేనప్పుడు ఎవరి మీద కోప్పడాలో చెప్పలేదు.

సింధూరికి మత్తు ఇచ్చారు. ఆమెకు తెలివి వచ్చేసరికి నేను మా ఊరు పొందూరు వెళ్లి, తిరిగి ఆసుపత్రికి వచ్చేశాను.

ఆమె అడిగిన మొదటి మాట: "బావా, సూసినావా?"

లేదన్నాను. ఆటో నడిపే లక్ష్ముడు బిడ్డను తీసుకెళ్లాడని, అంతా వాడే చూసుకున్నాడని చెప్పాను. ఆడపిల్లా మగపిల్లాడా అంది. ఇప్పుడా వివరం ఎందుకన్నాను. ఆసుపత్రి కాగితాలు షాపులో బీరువాలో పెట్టి తాళం వేశాను.

చెప్పింది అబద్ధమే. కానీ శాస్త్రీయంగా అవసరమైన అబద్ధం. చూడనిదాని మీద బెంగ ఉండదు. తల్లికి చూపించకూడదని మా అమ్మ కూడా అంది గానీ, ఆవిడ కారణాలు మూఢమైనవి. నావి వేరు.

మే 29

జీడితోటకు వెళ్లాను. కంచె చూడాలి. బాగానే ఉంది.

మే 30

సింధూరి అమ్మచేత మల్లెపూలు తెప్పించుకుంది. దండ కాదు, విడిపూలు, పెద్ద పొట్లం. శుభసూచన. నిరాశ నుంచి మనిషి తనంతట తానే బయటపడగలదని నేను మొదటినుంచీ అంటున్నాను.

తలలో మాత్రం పూలు కనిపించలేదు. దేవుడి పటానికి పెట్టిందేమో. ఆ విషయం తర్వాత మాట్లాడతాను.

జూన్ 3

తోటకు వెళ్లాను. కంచె.

అమ్మ అంది: "ఒరే దేవేంద్రా, ఆ కంచెకి ఏటి రోగమొచ్చినాది? రోజు మార్చి రోజు ఎల్తన్నావు."

వ్యవసాయం మీద అవగాహన లేకపోతే ఇలాగే మాట్లాడతారు.

జూన్ 14

పక్కింటి బిందుకి ఏడో నెల శ్రీమంతం. సింధూరిని వెళ్లొద్దంది అమ్మ. "ఆళ్లు ఏటైనా అనుకుంటారమ్మా. మనకెందుకు" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఎవులు అనుకుంటారు? పేర్లు సెప్పు!" అని అరిచాను.

అమ్మ పేర్లు చెప్పింది. పద్నాలుగు.

"నాకే ఎల్లాలని నేదు బావా" అంది సింధూరి. అది ఆమె మాట కాదు, సమాజం ఆమెచేత అనిపించిన మాట. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. అంతమంది ఆడవాళ్లలో నేనొక్కణ్ణే మగాణ్ణి. గుమ్మంలో నిలబడి, ఈవిడచేత గాజులు వేయించండి అన్నాను. పాట ఆగిపోయింది. ఎవరో గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు.

బిందు మంచి పిల్ల. తనే చెయ్యి చాపింది. సింధూరి రెండు ఆకుపచ్చ గాజులు తొడిగింది. మూఢాచారం మీద ఇది స్పష్టమైన విజయం.

ఇంటికొచ్చాక పెరట్లో వాంతి చేసుకుంది. శ్రీమంతంలో పెట్టిన పులిహోర ఎండకు పాడై ఉంటుంది.

జూన్ 15

పులిహోర తిన్నవాళ్లెవరికీ ఏమీ కాలేదట.

జూన్ 21

ఫోనులో చదివాను. పెద్ద పట్టణాల్లో, పై దేశాల్లో, ఇలా బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటారట. వారం వారం కలుస్తారట. దానివల్ల నెమ్మదిస్తారని పరిశోధనల్లో తేలిందట. ఇంత సులువైన విషయం పొందూరులో ఎవరికీ తట్టకపోవడం మన వెనకబాటుతనం.

షాపు మూసేలోగా పేరు పెట్టేశాను: గర్భశోక పీడిత మాతృమూర్తుల చైతన్య సమితి. డీటీపీ నేనే చేశాను. బ్యానరుకి పేరు చాలా పొడుగైంది, అక్షరాలు తగ్గించాను.

కరపత్రంలో ముఖ్య వాక్యం: "కన్నీరు పరిష్కారం కాదు, చర్చే పరిష్కారం."

తప్పులుంటే చూడమని సింధూరికి ఇచ్చాను. పద్ధతిగా రెండుసార్లు చదివింది.

"ఏడవొద్దని ఎవులు సెప్పినారు నీకు?"

"ఇది సాధారణ సూత్రం."

"అయితే నువ్వే ఉంచుకో" అని కాగితం మడిచి నా జేబులో పెట్టింది.

అక్షరదోషాలు లేనట్టే. మూడొందలు కొట్టాను.

జులై 2

తొలి సభ. షాపు మేడమీద గది. ఇరవై కుర్చీలు వేయించాను. ఆరుగురు వచ్చారు.

వచ్చినవాళ్లు: సింధూరి. బజారులో కోమట్ల కిరాణాకొట్టు కోడలు సుహాసిని, ఐదో నెలలో పోయింది ఆమెకు. సుహాసిని అత్తగారు. మా వీధి చివర రాట్నం వడికే కూర్మమ్మ, అరవై దాటి ఉంటాయి. ఈవిడెందుకు వచ్చిందో అర్థం కాలేదు. ఇంకో ఇద్దరు చివరిదాకా మొహం మీద కొంగు తియ్యలేదు.

అందరూ కుర్చీలు పక్కకు జరిపి కింద కూర్చున్నారు.

సుహాసిని అత్తగారిని అడిగాను: "మీరెందుకు వచ్చారండీ?"

"మా కోడలు ఏటి సెప్తాదో ఇనడానికి."

"మీరుంటే ఆవిడ చెప్పదు కదండీ."

"సెప్పడానికి ఏటుంది బాబూ? ఐదో నెలకి పిల్ల అంటారా ఎవులైనా?"

ఇక్కడ నేను నిగ్రహం కోల్పోలేదు. గొంతు పెంచానంతే. పితృస్వామ్యం గురించి, అందులో అత్తల పాత్ర గురించి ఇరవై నిమిషాలు వివరించాను. ఆవిడ అంతా విని, ఫ్యాను కొంచెం ఇటు తిప్పమంది. తర్వాత ప్రధానోపన్యాసం యాభై నిమిషాలు. కూర్మమ్మ గోడకు చేరబడి నిద్రపోయింది.

చివర్లో, ఇప్పుడు మాతృమూర్తులు తమ అనుభవాలు పంచుకోవచ్చు అన్నాను. ఎవరూ పంచుకోలేదు. సింధూరి నేలమీద వేలితో ఏదో గీస్తూ ఉంది. బిస్కెట్లు మిగిలాయి.

దిగేటప్పుడు మెట్ల మీద కూర్మమ్మ వాళ్లతో ఏదో గుసగుసలాడింది. నన్ను చూసి ఆపేసింది.

మొత్తంమీద సభ విజయవంతం.

జులై 9

రెండో సభ. ఎవరూ రాలేదు. సింధూరి కూడా. తలనొప్పి అంది.

గంటసేపు కూర్చుని తీర్మానాలు ఒక్కణ్ణే రాశాను. ఏకగ్రీవం.

జులై 13

మోసం.

మధ్యాహ్నం ఇంటికి వెళ్తే సింధూరి లేదు. కూర్మమ్మ అరుగు మీద ఉంది! సుహాసిని, ఆ కొంగు కప్పుకున్న ఇద్దరూ కూడా ఉన్నారు. వాలుగ చేప దవడ ఎముక తలా ఒకటి పట్టుకుని దూది దువ్వుతున్నారు. ఆ ఎముక పళ్లు సన్నటి దువ్వెనలా ఉంటాయి. పొందూరు నూలుకి దూదిని దాంతోనే శుభ్రం చేస్తారు. పక్కన తట్టల్లో దూది పొంగి ఉంది. ఎవరూ మొహం కప్పుకోలేదు. ఆ ఇద్దరిలో ఒకామెకు బుగ్గమీద పుట్టుమచ్చ ఉందని ఇవాళే తెలిసింది.

"ఇదేటి కూర్మమ్మా, సమితి మీటింగు అక్కడ కదా?"

"ఇది మీటింగేటి బాబూ? దూదిపని. గురువారం గురువారం మజ్జానం రమ్మన్నాను. సేతులు ఆడతంటే తోస్తాది కదేటి."

"మినిట్స్ ఎవరు రాస్తున్నారు?"

"ఏటి రాయాల?"

"ఎవరేం మాట్లాడారో."

కూర్మమ్మ దూది తిరగేసింది. "రాస్తే మరి మాటాడరు బాబూ."

ఒక విషయం నమోదు చేస్తున్నాను: వీళ్లందరినీ తొలిసారి ఒకచోట కూర్చోబెట్టింది నేనే.

జులై 20

ఆడవాళ్లు నేలమీద కూర్చోవడం గౌరవం కాదని నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు కూర్మమ్మ అరుగు మీదకి చేర్చాను. వాటి మీద దూదితట్టలు పెట్టారు.

సింధూరి మే నెలాఖరునుంచే కోలుకుంటోందని, పూలు కూడా తెప్పించుకుందని కూర్మమ్మతో అన్నాను. ఆవిడ దువ్వడం ఆపి నా మొహంలోకి చూసింది.

"ఆ పూలు తలకి కాదు బాబూ."

"మరి?"

"పిల్ల నేకపోయినా పాలు వస్తాయి కదా. మల్లెపూలు రొమ్ముకి ఏసి కట్టుకుంటే తగ్గుతాయి. మీయమ్మ కట్టినాది. పది రోజులు. నీకు తెల్దా?"

తెలుసన్నాను.

తెలీదు. మా కరపత్రాల్లో ఎక్కడా లేదు. పది రోజులు ఒకే గదిలో పడుకున్నాను. పూలవాసన బాగుందని ఒకసారి అన్నాను కూడా.

జులై 21

అమ్మతో మాట్లాడలేదు. అమ్మ తప్పేమీ లేదు. అయినా.

జులై 27

కూర్మమ్మ అరుగుకు ఎదురుగా టీ బడ్డీ ఉంది. పది అడుగులు. పౌరుడికి టీ తాగే హక్కు ఉంది.

అరుగు మీద జరిగేది ఇదీ. దూది దువ్వుతూ ఒక్కొక్కరు తమ బిడ్డ ఎలా ఉండేదో చెప్తారు. కొత్తగా ఒకామె వచ్చింది, ఆవిడ కోసం మళ్లీ మొదటినుంచీ చెప్పారు. ఉపన్యాసం లేదు, ఓదార్పు లేదు. ఒకరు చెప్తారు, మిగతావాళ్లు అడుగుతారు.

కూర్మమ్మ: "మాది మగోడు. ముప్పై ఒక్క ఏళ్లయినాది. సెవులు పెద్దవి. ఆళ్ల తాతవి."

"ఎంతేసి?" అంది కొత్తామె.

"ఇంతేసి. బతికుంటే రేడియో ఏరే అక్కర్నేదు" అంది కూర్మమ్మ. నవ్వారు! నిజంగా నవ్వారు.

సుహాసిని: "నాది అరిచేతిలో పట్టేసింది. సేతికి ఏళ్లు ఉన్నాయి. పదీ లెక్కెట్టేను. మా అత్త ఒద్దంటున్నా లెక్కెట్టేను." ఎవరూ 'ఐదో నెలే కదా' అనలేదు. కాలి వేళ్లు కూడానా అని అడిగారు. "కాలివి కూడా" అంది. ఆవిడ మొహం వెలిగింది. ఆ మాట ఇంకోలా రాయడం నాకు రాదు.

తర్వాత సింధూరి వంతు.

సింధూరి చేతిలో దవడ ఆగింది.

"నాకు తెల్దు" అంది. "నేను సూణ్ణేదు. ఆడో మగో కూడా తెల్దు. మూడు వారాల్నుంచి ఈళ్లవి ఇంటన్నాను, నాకు సెప్పడానికి ఏటీ నేదు."

"ఎవులు సూసినారు మరి?" అంది కూర్మమ్మ.

"లక్ష్ముడంట. ఆటో లక్ష్ముడు. ఆణ్ణి అడుగుతాను."

నా టీ చల్లారిపోయింది. ఆ బడ్డీలో ఎప్పుడూ చల్లటి టీయే ఇస్తారు.

జులై 28

తోటకు వెళ్లాను. కంచె చూడలేదు.

ఆగస్టు 3

లక్ష్ముడు షాపుకి వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ఏటి బావా, అబద్ధమాడినోడివి నాకో మాట సెప్పుకోవా? సెప్పుంటే నానూ అదే సెప్దును కదా."

"ఏమైంది?"

"అక్క స్టాండుకొచ్చినాది. అందరి ముందే అడిగినాది. నాను ఉన్నదే సెప్పినాను. నాను ఆటోలోనే కూకున్నాను, నువ్వే ఎత్తుకుని తోటలోకి ఎల్నావు, గంటన్నర రానేదు అని."

"గంటన్నర కాదు."

"ఫోన్లో టైము సూసినాను బావా. ఇంకో కిరాయి పోనాది."

వాణ్ణి తిట్టాను. ఏ ఏ మాటలో ఇక్కడ రాయను. వాడు అన్నీ పడి, "అక్క ఏడవనేదు బావా. థాంక్స్ అనేసి ఎల్నాది. అదే నాకు బయ్యమేసినాది" అన్నాడు.

ఆగస్టు 4

సింధూరి మాట్లాడడం లేదు. అన్నం పెడుతుంది. నీళ్లు పెడుతుంది.

ఆగస్టు 5

అలాగే.

ఆగస్టు 6

నా వైఖరికి కారణాలు ఏడు పాయింట్లుగా టైపు చేసి ప్రింటు తీసి ఇచ్చాను. ఒకటి, తల్లి మానసిక ఆరోగ్యం. రెండు, ఆనాటి అత్యవసర పరిస్థితి. ఇలా.

సింధూరి చదివింది. వెనక్కి తిప్పి చూసింది. వెనక ఖాళీ.

"ఇందులో నా బిడ్డ ఎక్కడున్నాది బావా?"

మూడు రోజుల తర్వాత ఆమె మాట్లాడిన మొదటి మాట ఇది.

ఆగస్టు 7

ఉదయం సింధూరి బట్టలు సర్దింది. బొబ్బిలి వెళ్తుందట, పుట్టింటికి. ఎన్నాళ్లు అన్నాను. "తెల్దు" అంది. అమ్మ నావైపు చూసింది, ఏదో ఒకటి అనరా అన్నట్టు. నా దగ్గర ఎప్పుడూ మాటలుంటాయి. షాపు తాళాలు తీసుకుని బయటికి వచ్చేశాను.

సంచి గుమ్మం పక్కనే ఉంది. శుక్రవారం బస్సుకి వెళ్తుందట. గురువారం దూదిపని ఉంది కాబట్టి.

ఆగస్టు 8

కూర్మమ్మ ఆధార్ జిరాక్సుకి వచ్చింది. కాగితం వచ్చేదాకా మెషీను మీద చెయ్యి వేసి నిలబడింది.

"గురువారం రా."

"అది ఆడవాళ్లది కదా?"

"సూసినోడివి నువ్వొక్కడివే. కుర్చీ ఎయ్యను. కిందే కూకోవాల."

"వాళ్లంతా ఒప్పుకుంటారా?"

"అడిగినాను. సుహాసిని ఒకటే అన్నాది. ఉపన్యాసమైతే ఒద్దు అన్నాది."

ఆగస్టు 10

అరుగు మీద కూర్చున్నాను. సింధూరి నావైపు చూడలేదు. రెండు పేజీలు రాసుకుని వెళ్లాను. కూర్మమ్మ నా చేతిలోంచి ఆ కాగితాలు తీసి తట్ట కింద పెట్టి, ఒక దవడ, గుప్పెడు దూది ఇచ్చింది.

"సేతిలో పనుంటే నువ్వు కుదురుగా మాటాడతావు."

దువ్వడం చేతకాలేదు. దూది ముక్కలైంది. పుట్టుమచ్చామె నా మణికట్టు పట్టుకుని ఎటు లాగాలో చూపించింది.

"ఆడపిల్ల" అన్నాను.

సింధూరి చెయ్యి ఆగింది.

"జుత్తు?" అంది సుహాసిని.

"ఉంది. ఒత్తుగా. నుదుటి మీదకి వచ్చేసింది."

"రంగు?"

"సింధూరి రంగు. ముక్కూ తనదే. గెడ్డం కింద సొట్ట ఉంది, అది మా అమ్మది. నర్సు ఆకుపచ్చ గుడ్డలో చుట్టి ఇచ్చింది. విప్పకూడదనుకున్నాను. తోటలోకి వెళ్లాక విప్పాను. తూర్పు గట్టు మీద, పెద్ద జీడిచెట్టు కింద. ముందు తవ్వేద్దాం అనుకున్నాను గానీ ఒళ్లోంచి దించాలి కదా. దించలేదు. అందుకే టైము పట్టింది."

దవడలు దూదిలో కదులుతున్న చప్పుడు. అది నిజానికి చప్పుడు కాదు.

"కుడి చెయ్యి పిడికిలి. విప్పుదామనుకుని మానేశాను."

"ఏం?" అంది సింధూరి. మొదటిసారి నన్ను చూసింది.

"ఏదో పట్టుకున్నట్టు ఉంది. దాన్నుంచి తియ్యడం ఎందుకని."

"ఏటి కప్పినావు?"

"నా చొక్కా. గుడ్డ పల్చగా ఉంది, చాలదనిపించింది."

"ఏ సొక్కా?"

"నీలం గళ్లది."

"అదా!" అంది సింధూరి. "దానికోసం మూడు రోజులు ఎతికినాను. సాకలోడే కొట్టేసినాడని ఆణ్ణి తిట్టినాను కూడా."

సుహాసిని ముందు నవ్వింది. తర్వాత అందరూ. సింధూరి కూడా నవ్వింది, నవ్వుతూనే ముందుకు వంగిపోయి ఏడ్చింది. నేను లేవబోయాను. కూర్మమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. ఎవరూ ఏడవొద్దనలేదు. కావలసినంతసేపు ఏడ్చింది. కొత్తామె దూది అందుకుని సింధూరి వాటా కూడా దువ్వింది.

నా కంట్లో దూది నలుసు పడింది. ఆ మాటే అన్నాను.

"పడతాది బాబూ" అంది కూర్మమ్మ. "కూకో."

కొంతసేపటికి సింధూరి కొంగుతో మొహం తుడుచుకుంది. దవడ తీసుకుంది.

"ఇప్పుడు నా వంతు" అంది. "మాది ఆడపిల్ల. జుత్తు ఒత్తు. ముక్కు నాదే." నేను చెప్పినవన్నీ వరసగా చెప్పింది, ఒక్కటి కూడా వదలకుండా. అక్కడితో అయిపోతుందనుకున్నాను.

అవలేదు.

"సాయంకాలం ఆరైతే దానికి ఎక్కిళ్లు వచ్చేవి. నా పొట్ట టిక్కు టిక్కుమని కదిలేది. ఎడమపక్కకి పడుకుంటే ఒప్పుకునేది కాదు, తన్నేది. ఈయన పళ్లెం ముందు కూకుని ఎవులితోనో ఫోన్లో దెబ్బలాడతంటే ఊరుకునేది. ఇనేదేమో. ఈయన గొంతు తగ్గితే మళ్లీ తన్నేది."

ఇది నాకు తెలీదు. ఎనిమిది నెలలు ఒకే ఇంట్లో ఉన్నాను. రక్తహీనత గురించి, ఐరన్ మాత్రల గురించి ఆమెకు చెప్పాను. నేను ఏమీ అడగలేదు. నేను చూసింది గంటన్నర. ఆమె దగ్గర ఎనిమిది నెలలున్నాయి.

దూదిపని అయ్యాక ఇద్దరం తోటకు వెళ్లాం. సింధూరి చెప్పులు గట్టు కింద విడిచి, తూర్పువైపు నేను చూపించిన చోట కూర్చుంది. మట్టి మీద అరచెయ్యి వేసింది. నేను పక్కన కూర్చున్నాను. బొబ్బిలి మాట ఆమె ఎత్తలేదు, నేనూ అడగలేదు.

"ఇంకా చెప్పు" అన్నాను.

"ఏటి సెప్పాల?"

"ఎక్కిళ్లు ఎప్పుడు మొదలయ్యాయి?"

చెప్పింది. చీకటి పడేదాకా చెప్పింది. అదంతా ఇక్కడ రాయను.